పక్క సీటు ఎవరికి? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఐదింటిని ఒకచోట చేర్చాను. ఐదూ చెన్నైలో ఉంటున్న తెలుగు మగవారు రాసినవే. లారీ ఆఫీసులోనో, ఆటో స్టాండులోనో, కంటైనర్ యార్డులోనో, రైల్వేలోనో తమ ఇంటి స్త్రీ లేదా తమతో కలిసి పనిచేసే స్త్రీ ముందుకు రావాలనుకుంటున్నప్పుడు తాము చేయవలసినది ఏమిటని నలుగురు అడిగారు. చేయవలసిన అవసరమే లేదని ఒకరు వాదించారు. మొదటి ఉత్తరానికి ఇచ్చిన జవాబు పొడవుగా ఉంటుంది. మిగిలిన ఉత్తరాలకు కావలసిన మాటలు కూడా చాలావరకు అక్కడే చెప్పవలసి వచ్చింది.

ప్రశ్న: మాది నాయుడుపేట దగ్గర పల్లె. మా నాన్నగారి కాలం నుంచి మాధవరంలో లారీ ఆఫీసు నడుపుతున్నాం. ఎనిమిది లారీలున్నాయి, వాటిలో మూడు నా భార్య పేరు మీద ఉన్నాయి. మా పెద్దమ్మాయి బి.కాం. పూర్తిచేసింది. ఆఫీసులో కూర్చుంటానని, కొన్నాళ్లకు వ్యాపారం తానే చూసుకుంటానని అంటున్నది. నాకు ఇష్టమే. మా తమ్ముడు మాత్రం, డ్రైవర్లూ బ్రోకర్లూ మసలే చోట ఆడపిల్లను కూర్చోబెడితే సరుకు పంపే పార్టీలు మనల్ని తేలిగ్గా చూస్తాయని అంటున్నాడు. మా దగ్గర ఎన్నో ఏళ్లుగా ఉన్న పెద్ద డ్రైవరు, 'పాపకు లెక్కలు అప్పగించండి, లోడు మాటలు మాత్రం మీతోనే మాట్లాడతాం' అన్నాడు. ఆమెను ఈ పనిలో ఎలా నిలబెట్టాలి?
– ఒక లారీ యజమాని, మాధవరం

జవాబు: మీ డ్రైవరు అన్న మాట దగ్గరే మొదలుపెడతాను. అతని మాటలో దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ లారీ వ్యాపారంలో లెక్కలు అనేవి జరిగిపోయిన పనికి రాసుకునే వివరాలు; అసలు వ్యాపారం ఆ లెక్క పుట్టకముందు నడిచే మాటల్లో ఉంటుంది. విజయవాడకు లోడు ఒప్పుకునేటప్పుడే తిరుగు లోడు గుంటూరు మిర్చి యార్డులో దొరుకుతుందా, ఖాళీగా నెల్లూరు దాకా వచ్చి బియ్యం ఎత్తుకోవాలా అని అంచనా వేయడం, ఏ పార్టీ బాడుగ వెంటనే చెల్లిస్తుందో, ఏ పార్టీ నెలల తరబడి తిప్పుతుందో ఎరిగి ఉండటం, గోడౌను ముందు లారీ రెండు రోజులు నిలిచిపోతే హాల్టింగు డబ్బు మొహమాటం లేకుండా అడిగి రాబట్టడం, పండుగ ముందు డ్రైవరు ఊరికి వెళ్లిపోతే అతని బదులు నడిపే యాక్టింగ్ డ్రైవరును వెతికి పట్టడం, ఇవన్నీ తెలిసినవారినే ఈ వ్యాపారంలో యజమాని అంటారు. ఇవేవీ తెలియకుండా లెక్కలు మాత్రమే రాసే మనిషిని గుమాస్తా అంటారు. మీ అమ్మాయి అడిగినది గుమాస్తా పని కాదు కనుక, ఆమెను ముందు లెక్కల పుస్తకం దగ్గర కూర్చోబెట్టి 'తరువాత చూద్దాం' అనుకోకండి. ఆ 'తరువాత' చాలా ఇళ్లలో రాలేదు.

ఈ విద్య ఏ కళాశాలలోనూ చెప్పరు. మీరు మీ నాన్నగారి పక్కన కూర్చుని, ఆయన ఫోనులో మాట్లాడుతుంటే విని నేర్చుకున్నారు. మీ డ్రైవరు ఒకప్పుడు క్లీనరుగా లారీ ఎక్కి, అద్దం తుడిచి, టైర్లు తట్టి చూసి, తార్పాలిన్ కట్టి, ఏ అర్ధరాత్రో ఖాళీ రోడ్డు మీద పెద్దాయన 'కాసేపు పట్టుకో' అని స్టీరింగు చేతికిస్తే నేర్చుకున్నాడు. తరాలుగా లారీ విద్య ఇలా పక్క సీటులో కూర్చున్నవారికే అందుతూ వచ్చింది, ఆ సీటులో ఆడపిల్లను కూర్చోబెట్టినవారు లేరు. రాత్రులు లారీలోనే పడుకుని, నెలల తరబడి ఒక పరాయి మగవాడి వెంట తిరిగితే తప్ప నేర్చుకోలేని పనిని ఆడవారు ఎందుకు నేర్చుకోలేదని అడగటం న్యాయం కాదు. వారికి మొదటి మెట్టే లేదు.

మెట్లు కట్టిన చోట ఏం జరిగిందో విమానయానం చూస్తే తెలుస్తుంది. పైలట్ విద్యను శిక్షణ సంస్థలో చెబుతారు. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు విమానం నడపాలి, ఈ పరీక్షలు గట్టెక్కాలి, ఇంత ఫీజు కట్టాలి అని అందరికీ ముందే తెలుసు, ఎవరి పక్కన కూర్చున్నారన్న దానితో నిమిత్తం లేదు. ఆ చదువు ఖర్చు భరించగలిగిన ఇళ్లు తక్కువన్నది నిజమే. అయినా ప్రపంచమంతటా పైలట్లలో స్త్రీలు 5 శాతం దరిదాపుల్లో ఉంటే, మన దేశంలో సుమారు 15 శాతం ఉన్నారని కేంద్ర పౌర విమానయాన శాఖే చెప్పింది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరులో దిగిన ఎయిర్ ఇండియా విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో నడిపిన నలుగురూ స్త్రీలే; వారిలో కెప్టెన్ పాపగారి తన్మయి కూడా ఒకరు. అంత పెద్ద విమానాన్ని అంత దూరం నడపగలిగినవారి దేశంలో, మాధవరం నుంచి లోడు పంపించే పని ఆడపిల్లకు మించినదని మీ తమ్ముడు అనుకుంటున్నాడంటే, తేడా ఆమె శక్తిలో లేదు, నేర్పే పద్ధతిలో ఉన్నది. మీ ఆఫీసులో ఆ పద్ధతిని మార్చగలిగినవారు మీరొక్కరే.

కనుక మీ కుర్చీ పక్కన ఆమెకు ఒక కుర్చీ వేయించండి. వేరే గదిలో, కంప్యూటరు ముందు కాదు. కొన్ని నెలలపాటు బాడుగ మాటలన్నీ ఆమె వినేటట్లు స్పీకరు పెట్టి మాట్లాడండి. ఫోను పెట్టేశాక ఎందుకు తగ్గారో, ఎందుకు బిగించారో ఆమెకు చెప్పండి. రెడ్‌హిల్స్, మణలి ప్రాంతాల్లో మీరు వ్యవహరించే బ్రోకర్ల దగ్గరకు ఆమెను తీసుకువెళ్లి, 'మా అమ్మాయి' అని మాత్రమే పరిచయం చేసి ఊరుకోకుండా, 'ఇకమీదట నెల్లూరు లైను ఈమె చూస్తుంది, రేటు ఈమెతోనే మాట్లాడండి' అని చెప్పండి. లారీ రసీదు మీద, విజిటింగ్ కార్డు మీద ఆమె ఫోను నంబరు వేయించండి. ఆ తరువాత పాత పార్టీ ఎవరైనా మీకు ఫోను చేసి రేటు అడిగితే, మీకు నోటి చివరనే ఉన్నా చెప్పకండి. 'అమ్మాయిని అడిగి చెప్పించుకోండి' అనండి. ఈ ఒక్క నిగ్రహం చాలా కష్టమైనది. దశాబ్దాల అలవాటు నోటిదాకా వస్తుంది. మీరు ఒక్కసారి రేటు చెప్పేస్తే, ఆమె కుర్చీ ఉత్త అలంకారమని ఊరంతటికీ తెలిసిపోతుంది.

కాగితాల వైపు ఆమెకు పట్టు త్వరగానే వస్తుంది. దాన్ని కూడా వ్యాపారంలో భాగంగానే నేర్పండి. రాష్ట్రం దాటే సరుకు విలువ 50,000 రూపాయలు మించితే 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండవలసిన ఆన్‌లైను రవాణా పత్రం) తప్పనిసరి. మామూలు సరుకుకు ఆ బిల్లు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున చెల్లుతుంది కనుక, సుమారు 450 కిలోమీటర్ల విజయవాడ ప్రయాణానికి మూడు రోజులు వస్తాయి. దారిలో లారీ చెడిపోతే గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు మొదలు, ముగిసిన ఎనిమిది గంటల లోపు పొడిగించుకోవచ్చు. తడ దగ్గర లారీ నిలిచిపోయినప్పుడు ఈ సంగతి తెలిసినవారు ఆఫీసులో ఉండటం వేరు, లేకపోవడం వేరు. రోడ్డు రవాణాపై 2007లో చేసిన చట్టం ప్రకారం సరుకు పోయిందనీ పాడైందనీ పార్టీ దావా వేయాలంటే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోగా నోటీసు ఇచ్చి ఉండాలి. ఇటువంటి విషయాల్లో డ్రైవరు చిక్కుకున్నప్పుడు ఆమె విడిపిస్తే, ఆ డ్రైవరు మరుసటి ట్రిప్పులో ఎవరికి ఫోను చేస్తాడో మీరే చూస్తారు. మీ పెద్ద డ్రైవరును మందలించకండి. అతని బత్తా, డీజిల్ అడ్వాన్సు ఫలానా తేదీ నుంచి ఆమె ఇస్తుందని గౌరవంగా చెప్పి, ఆమె ఇచ్చిన దాని మీద మీరు పైనుంచి అయిదు వందలు కూడా వేయకుండా ఉండండి.

ఆమె ఎప్పుడైనా ఒక లోడు తక్కువకు ఒప్పుకుని నష్టం తెస్తుంది. మీకూ మీ తమ్ముడికీ యౌవనంలో అటువంటి నష్టాలు వచ్చే ఉంటాయి. వాటిని ఇంట్లో అనుభవం అని సర్దుకున్నారు. ఆమె నష్టానికి కూడా అదే ఓర్పు దక్కితేనే మీ ఇష్టం నిజమైన ఇష్టం అవుతుంది.

మీరు ఉత్తరంలో యథాలాపంగా రాసిన ఒక వాక్యం నన్ను ఆపింది. మూడు లారీలు మీ భార్య పేరు మీద ఉన్నాయన్నారు. మన లారీ యజమానుల ఇళ్లలో ఇది సర్వసాధారణం. ఆర్.సి.లో పేరు ఆమెది, ఫైనాన్సు కాగితాల మీద సంతకం ఆమెది, కంతు తప్పితే నోటీసు కూడా ఆమె పేరుకే వస్తుంది. లారీ ఏ ఊళ్లో ఉందో మాత్రం ఆమెకు తెలియదు. కూతురికి కుర్చీ వేసే రోజున తల్లికి ఆ మూడు లారీల అప్పు ఎంత మిగిలిందో, ఎఫ్.సి. (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఎప్పుడు, ఇన్సూరెన్సు గడువు ఎప్పుడు, నెలకు ఏం మిగులుతున్నదో కూడా చెప్పండి. అది ఆమెకు ఇవ్వవలసిన లెక్క. దానికి ఆమె చదువు ఎంతన్న ప్రశ్న లేదు.

మీ అమ్మాయి స్టీరింగు పట్టాలని కూడా కోరుకుంటే అడ్డు చెప్పకండి. సరుకు బండికి వయసు 20 నిండాలి. కారు లైసెన్సు ఉన్నవారు మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండిని వేరే అనుమతి లేకుండానే నడపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పి, 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ద్వారా ఖాయపరిచింది. అంతకు పెద్ద లారీకి, కారు లైసెన్సు తీసుకుని ఏడాది నిండిన తరువాత లెర్నర్స్ లైసెన్సు తీసుకోవచ్చు. మీ సొంత ఊరి దారిలోనే గుమ్మిడిపూండిలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రోడ్ ట్రాన్స్‌పోర్ట్ వారి భారీ వాహనాల డ్రైవర్ శిక్షణ కేంద్రం ఉన్నది. లారీ నడపడానికి మగవాడి కండబలం కావాలన్న మాట పవర్ స్టీరింగు రాని రోజులనాటిది. స్వయంగా స్టీరింగు పట్టే యజమాని మాటను డ్రైవర్లు వేరే చెవితో వింటారని మీకు తెలియనిది కాదు.

ఇక మీ తమ్ముడి భయంలో ఒక అంశం మాత్రం నిజం: లారీ ఆఫీసులు ఆడవారు రోజంతా ఉండటానికి అనువుగా లేవు. లోపల గడియపడే మరుగుదొడ్డి, యార్డులో సరైన వెలుతురు, సాయంత్రం పని ముగించుకుని వెళ్లేందుకు బండి, వీటిని ఆమె అడగకముందే ఏర్పాటు చేయండి. ఆ మరుగుదొడ్డి మీ డ్రైవర్లకు కూడా అవసరమే. రాత్రి మకాం వేయవలసిన చోట డ్రైవర్లకు విశ్రాంతి గదులు ఉండాలని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. చాలా చోట్ల అది కాగితం మీదే ఉండిపోయింది. ఆడవారి కోసం బాగుచేసిన ప్రతి రవాణా ఆఫీసులో మగవారి బతుకు కూడా కొంత బాగుపడింది, అందులో నాకు సందేహం లేదు.

ప్రశ్న: నేను పాతికేళ్లుగా ఆటో నడుపుతున్నాను. నా భార్యకు ప్రభుత్వం వారి పింక్ ఆటో వచ్చింది. మొదట ఉత్సాహంగా తీసింది కానీ, స్టాండులో వరుస ఇవ్వడం లేదని, మాటలు అంటున్నారని ఇప్పుడు తగ్గించింది. పొద్దున పిల్లల పని, వంట ముగిసేసరికి తొమ్మిదిన్నర అవుతుంది, అప్పటికి సవారీలు పడిపోతాయి. ఆ బండి ఊరికే నిలబడటం ఎందుకని పొద్దుటిపూట నేనే నడుపుదామనుకుంటున్నాను. ఇద్దరి సంపాదనా ఒక ఇంటికే కదా?
– ఒక ఆటో డ్రైవరు, కొరుక్కుపేట

జవాబు: ఆ బండిని మీరు నడపకూడదు. 2025 మార్చి 8న చెన్నైలో మొదలైన ఈ పథకంలో ఒక్కొక్కరికి లక్ష రూపాయల సబ్సిడీ ఇచ్చినది, బండిని స్త్రీయే నడపాలన్న షరతు మీద. ఆ తరువాత కొన్ని పింక్ ఆటోలను మగవారు నడుపుతున్నారని బయటపడి, అధికారులు హెచ్చరికలు జారీ చేయవలసి వచ్చింది. రాత్రిపూట ఆ రంగు చూసి ధైర్యంగా చెయ్యెత్తిన ఆడపిల్లకు లోపల మగ డ్రైవరు కనిపిస్తే ఆ రంగుకున్న విలువ పోతుంది. మీరు మంచివారే అయినా, ఆమెకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? షరతు ఉల్లంఘిస్తే బండి పోయే ప్రమాదం కూడా ఉన్నది. ఇంతవరకు నియమం మాట.

ఇక మీ ఇంటి మాట చూద్దాం. పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ఆటోకు మంచి వేళ అని మీకు నాకన్నా బాగా తెలుసు. స్కూలు ట్రిప్పులు, ఆఫీసు సవారీలు, సెంట్రల్ స్టేషన్‌లో దిగే ప్రయాణికులు, అన్నీ అప్పుడే. సరిగ్గా ఆ వేళలోనే ఇంట్లో పాలు కాచి, పిల్లలకు తలదువ్వి, క్యారేజీలు కట్టవలసి ఉంటుంది. ఆ పని మీ భార్యది అని మీ ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోకుండానే తీర్మానించుకున్నారు. అందుకే మీ బండి ఏడింటికి బయలుదేరుతున్నది, ఆమె బండి తొమ్మిదిన్నరకు. ఆమె సంపాదన తక్కువగా ఉండటానికి స్టాండు ఎంత కారణమో ఇల్లూ అంతే కారణం. వారంలో మూడు రోజులు పొద్దుటి ఇంటిపని పూర్తిగా మీరు చేయండి. 'సాయం చేయడం' అని నేను అనడం లేదు. ఆ మూడు రోజులు పిల్లవాడి చొక్కా గుండీ ఊడిందా, సాంబారుకు పప్పు ఉన్నదా అని ఆమెను అడగకుండా మీరే చూసుకోవాలి. ఆమె ఏడింటికే బండి తీస్తుంది. అదే పొద్దున మీ సవారీలు కొన్ని తగ్గుతాయి. నెల తిరిగేసరికి రెండు బండ్ల రాబడి కలిపి చూసుకోండి.

స్టాండు విషయంలో మీకున్న పలుకుబడి ఆమెకు లేదు. ఎవరెవరితో టీ తాగాలో, వరుస తప్పితే ఎవరితో చెప్పాలో మీకు తెలుసు. కానీ ఆమె తరఫున వెళ్లి గొడవపడకండి. ఆ గొడవ మగవారి మధ్య పంతంగా మారి, చివరికి 'నీ పెళ్లాన్ని ఇంట్లో ఉంచుకో' అన్న మాటతో ముగుస్తుంది. స్టాండు పెద్దల ముందు, ఆమె అక్కడ ఉండగా, ఆమె బండి నంబరును వరుసలో రాయించండి. చందా ఎంత ఉంటే అంత ఆమె చేతనే కట్టించండి. ఆమెను ఎవరైనా ఒక మాట అన్నప్పుడు మీ స్నేహితులు నవ్వి ఊరుకుంటున్నారా అన్నది కనిపెట్టి, ఊరుకున్న స్నేహితుడితో విడిగా మాట్లాడండి. అన్నవాడిని మార్చడం కన్నా, పక్కన నవ్వినవాడిని మార్చడం తేలిక. అతడు నవ్వడం మానేస్తే అనేవాడికి ఊపు తగ్గుతుంది. మెకానిక్ దగ్గరకు బండి తీసుకువెళ్లినప్పుడు కూడా మీరు పక్కన నిలబడండి, బండి కష్టం ఏమిటో ఆమెనే చెప్పనివ్వండి.

ఇద్దరి సంపాదనా ఒక ఇంటికే అన్నారు. అయితే ఆమె సంపాదన ఆమె ఖాతాలో పడి, అక్కడి నుంచి ఇంటికి ఖర్చుపెట్టినా ఫలితం ఒకటే కదా. అలాగే చేయండి.

ప్రశ్న: నేను మణలి దగ్గర ఒక కంటైనర్ యార్డులో షిఫ్ట్ సూపర్‌వైజరును. మూడు నెలల క్రితం నాతో సమానమైన హోదాలో ఒక అమ్మాయి చేరింది. పని బాగా తెలిసిన మనిషి. ట్రైలర్ డ్రైవర్లు, క్లియరింగ్ ఏజెంట్లు ఆమె ముందే 'సార్‌ను పిలవండి' అంటారు. మా వాట్సాప్ గ్రూపులో ఆమె గురించి పిచ్చి జోకులు పెడుతుంటారు. నేను నోరు విప్పితే ఆమెకూ నాకూ ఏదో ఉందంటారేమోనని భయం. ఆమె రాత్రి షిఫ్టులో ఇబ్బంది పడుతుందని మేనేజరుతో చెప్పి పగటి షిఫ్టు మాత్రమే వేయించాలని కూడా అనుకుంటున్నాను. మంచిదేనా?
– ఒక యువకుడు, తిరువొత్తియూరు

జవాబు: చివరి ఆలోచనను ముందు విరమించండి. యార్డులో పని తెలిసేది రాత్రిళ్లే. ఓడ వచ్చిన రాత్రి ట్రైలర్లు రోడ్డు దాకా బారులు తీరినప్పుడు, కాటా దగ్గర బరువు తేడా వచ్చినప్పుడు, సీలు నంబరు కాగితంతో కలవనప్పుడు నిర్ణయం తీసుకున్న మనిషినే రేపు మేనేజరు పదవికి పరిశీలిస్తారు. ఆమె అడగకుండా ఆమెను పగటికి మార్పిస్తే, రెండేళ్ల తరువాత 'ఆమెకు ఆపరేషన్స్ అనుభవం లేదు' అని ఫైలులో రాస్తారు. రాసేవారికి అది మీ దయవల్ల జరిగిందని తెలియదు. నేను ఎరిగిన పెద్ద పెద్ద సంస్థల్లో ఆడవారి ఎదుగుదల ఆగిపోయినది ఎక్కువగా ఇటువంటి సదుద్దేశాల దగ్గరే. రాత్రి షిఫ్టులో ఆమెకు ఇబ్బంది ఉంటే అది వెలుతురు, రవాణా, మరుగుదొడ్డి ఇబ్బందే అయి ఉంటుంది. ఆ మూడింటినీ ఆమెతో మాట్లాడి, ఆమె ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి యాజమాన్యాన్ని అడగండి.

'సార్‌ను పిలవండి' అన్నప్పుడు మీరు చేయవలసినది చాలా చిన్నది: వెళ్లకండి. ఏజెంటు మీ బల్ల దగ్గరకు వస్తే, 'ఈ గేట్ పాస్ మేడమ్ గారే ఇస్తారు, అక్కడే అడగండి' అని మీ పని మీరు చూసుకోండి. ఆమె చెప్పిన దాన్నే మీరు మళ్లీ చెప్పి ఖాయపరచకండి. ఆమె కాదన్న దాన్ని మీరు చాటుగా సర్ది పంపించకండి. లోడుతో గంటల తరబడి నిలబడిన డ్రైవరుకు కావలసినది బండి త్వరగా కదలడం. ఆమె దగ్గర పని అవుతుందని, మీ దగ్గరకు వస్తే మళ్లీ వెనక్కి వెళ్లవలసి వస్తుందని తెలిసిన రోజున అతడు నేరుగా ఆమె దగ్గరకే పోతాడు.

వాట్సాప్ జోకుల విషయంలో మీ భయం నాకు అర్థమైంది, కానీ మౌనం కూడా ఆ గ్రూపులో ఒక సమాధానమే. 'ఇది ఆఫీసు గ్రూపు, తోటి ఉద్యోగిని గురించి ఇటువంటివి పెట్టవద్దు' అని ఒక్క వాక్యం రాయండి, వాదానికి దిగకండి. ఆమె పేరు ఎత్తనవసరం లేదు. మీ మీద పుకారు పుడితే కొద్ది రోజులు ఉంటుంది. ఆమె మీద వారు పుట్టించినవి ఆమె ఉద్యోగం ఉన్నంతకాలం వెంటబడతాయి. జోకులు హద్దు దాటి వేధింపుగా మారితే, పనిచోట లైంగిక వేధింపులపై 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకుమించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయాలి, కమిటీ 90 రోజుల్లో విచారణ పూర్తిచేయాలి. యాజమాన్యం పెట్టిన బండిలో ఇంటికి వెళ్తున్నప్పుడు జరిగినది కూడా పనిచోట జరిగినట్లే లెక్క. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. మీరు చూసిన వాటిని తేదీలతో సహా భద్రపరచి, సాక్ష్యం చెప్పడానికి సిద్ధంగా ఉన్నానని ఆమెకు ఒకసారి తెలియజేయండి. మళ్లీ మళ్లీ అడగకండి.

ప్రశ్న: డిగ్రీ చదివిన మగపిల్లలకే ఉద్యోగాలు లేవు. డ్రైవరు, కండక్టరు పనుల్లోకి కూడా ఆడవారిని తెస్తే మగవాడు ఏమైపోవాలి?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: మీ ఆవేదన నిజమైనదే కానీ, గురి తప్పింది. ఏ లారీ యజమానిని అడిగినా డ్రైవర్లు దొరకక బండ్లు నిలబెట్టుకున్న సంగతి చెబుతాడు. డ్రైవర్ల కొడుకులే ఆ పనిలోకి రావడం లేదు. జీతం, నిద్ర, గౌరవం లేని పని కావడం వల్ల మగపిల్లలు దాన్ని వదిలిపోతున్నారు, ఆడవారు లాక్కున్నందువల్ల కాదు. తమిళనాడు ప్రభుత్వ బస్సుకు వసంతకుమారి 1993లోనే డ్రైవరయ్యారు. ఇన్నేళ్లు గడిచినా, 2021 నుంచి ఆడవారికి టిక్కెట్టు లేకుండా నడుస్తున్న చెన్నై మామూలు బస్సు ఎక్కి చూడండి. బస్సు నిండా స్త్రీలు ఉంటారు, స్టీరింగు ముందు స్త్రీ కనిపించడం మాత్రం ఇప్పటికీ అరుదే. మీరు భయపడుతున్నంత వేగంగా ఏదీ మారడం లేదు. అది మారాలని నేను కోరుకుంటున్నాను.

ప్రశ్న: నేను పెరంబూరులో రైల్వే ఉద్యోగిని. మా అమ్మాయి ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతున్నది, రైలింజను నడిపే ఉద్యోగమైన అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష రాస్తానంటున్నది. క్లర్కు పరీక్ష రాయమని మా బంధువులంతా చెబుతున్నారు. నేను తేల్చుకోలేకపోతున్నాను.
– ఒక తండ్రి, పెరంబూరు

జవాబు: ఆమె చదువు ఆ ఉద్యోగానికి సరిపోతుంది. పదో తరగతితో పాటు ఐ.టి.ఐ. లేదా ఇంజినీరింగు డిప్లొమా అడుగుతారు. రెండు కంప్యూటరు పరీక్షలు, ఆపైన కంప్యూటరు మీదే ఆప్టిట్యూడ్ పరీక్ష, చివర వైద్య పరీక్ష ఉంటాయి. చాలామంది చివరిదాని దగ్గర దెబ్బతింటారు. లోకో పైలట్లకు కళ్లద్దాలు లేకుండా 6/6 చూపు కావాలి, రంగులు గుర్తించగలగాలి, లేజర్ శస్త్రచికిత్సతో సరిచేసుకున్న చూపును ఒప్పుకోరు. కనుక కోచింగుకు డబ్బు కట్టేముందు మంచి కంటి వైద్యుడి దగ్గర పరీక్ష చేయించండి. ఒకవేళ చూపు సరిపోకపోతే, రైల్వేలో ఇతర సాంకేతిక ఉద్యోగాల వైపు ఇప్పుడే మళ్లవచ్చు.

ఈ ఉద్యోగం తేలికైనదని నేను చెప్పను. పిలుపు ఏ వేళకైనా వస్తుంది, రన్నింగ్ రూములో (రైలు నడిపేవారి విశ్రాంతి గదిలో) నిద్ర, పండుగలకు ఇంట్లో ఉండకపోవడం, ఇంజిన్లో మరుగుదొడ్డి లేని ఇబ్బంది, వీటి గురించి మహిళా లోకో పైలట్లు చాలాకాలంగా అడుగుతూనే ఉన్నారు. అయినా 1980లలో ఒంటరిగా ఈ పనిలోకి వచ్చిన సురేఖా యాదవ్ 2023లో షోలాపూర్ నుంచి ముంబయికి వందే భారత్ నడిపి, 2025లో పదవీ విరమణ చేశారు. మన చెన్నైలోనే 2015 జూన్ 29న కోయంబేడు, ఆలందూరుల మధ్య మెట్రో తొలి రైలును నడిపినది ఒక యువతి. మీరు రైల్వే ఉద్యోగి కనుక మీకు ఒక వెసులుబాటు ఉన్నది. ఇంజన్ల షెడ్డులో, సిబ్బంది డ్యూటీ ఎక్కే క్రూ లాబీలో కనిపించే మహిళా లోకో పైలట్లను వెతికి, మీ అమ్మాయిని వారితో ఒక పూట మాట్లాడించండి, మీరు బయట కూర్చోండి. వారు చెప్పినది విన్నాక కూడా ఆమె అదే కోరుకుంటే పరీక్ష రాయనివ్వండి.

బంధువులకు జవాబు చెప్పే భారం ఆమె మీద వేయకండి, అది మీరు మోయవలసినది. రేపు సంబంధాలు చూసేటప్పుడు అవతలివారికి, మా అమ్మాయి రాత్రివేళల్లో రైలు నడుపుతుంది, పెళ్లయ్యాక కూడా నడుపుతుంది అని మొదటి మాటల్లోనే, ఆమె ఎదుట, మీరే చెప్పండి.